పది గోల్స్ సీజన్ గురించి, ఆలస్యంగా

2025 డిసెంబర్ 13 రాత్రి మెస్సీ ఉప్పల్ స్టేడియంలో ఉన్నాడు. నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. చాలా నెలలుగా చప్పుడు లేని మా పాత వాట్సాప్ గ్రూప్ ఆ రాత్రి మోగింది. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్‌లో మన నగరం తరఫున ఆడి, చివరికి ఢిల్లీకి తరలిపోయిన హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకు గచ్చిబౌలి స్టేడియానికి కలిసి వెళ్ళిన ఆరుగురం పెట్టుకున్న గ్రూప్ అది. ఒకతను ఉప్పల్ గ్యాలరీ ఫోటో పెట్టి, "ఇందులో పదో వంతు జనం గచ్చిబౌలికి వచ్చినా మన టీమ్ ఢిల్లీ పోయేది కాదు" అని రాశాడు. మా అందరికంటే చిన్నవాడు వెంటనే అందుకున్నాడు. "జనం ఎందుకొస్తరన్నా? గోల్ కొట్టేటోడు ఒక్కడు లేకపాయె. 22 మ్యాచ్‌ల్ల పది గోల్స్. ఎవరు చూస్తరు?"

అక్కడి నుంచి పాత గొడవే. మన పెద్ద స్ట్రైకర్ (గోల్స్ కొట్టేవాడు) ఓగ్బెచేని వదులుకోకుండా ఉండాల్సిందని ఒకరు, అసలు విదేశీ ఆటగాళ్ళ మీద అంత డబ్బు పెట్టడమే కొంప ముంచిందని ఇంకొకరు, కుర్రాళ్ళకు అవకాశం వస్తే వాడుకోలేకపోయారని మరొకరు. రాత్రి ఒంటిగంట దాకా సాగింది. నేనూ నాలుగు మాటలు రాశాను. ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాక మాత్రం ఆ "పది గోల్స్" అన్న మాట నిద్ర పోనివ్వలేదు. ఆ పది గోల్స్‌ని ఇన్నాళ్ళూ మనం మైదానంలో ఉన్నవాళ్ళ ఖాతాలోనే రాస్తూ వచ్చాం. నేను కూడా రాశాను. అది అన్యాయమని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో వివరంగా చెప్పాలని ఈ పోస్టు.

43 నుంచి 10కి

ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన 2021-22లో మన టీమ్ లీగ్ దశలో 20 మ్యాచ్‌లాడి 43 గోల్స్ కొట్టింది. 2023-24లో 22 మ్యాచ్‌లాడి 10 కొట్టింది. ఆ సీజన్‌లో మనం ఇచ్చుకున్న గోల్స్ 43. అదే అంకె రెండేళ్ళలో అటునుంచి ఇటు వచ్చి పడింది. ఒక గెలుపు, అయిదు డ్రాలు, పదహారు ఓటములు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపు కూడా 2024 మార్చిలో చెన్నైలో వచ్చింది. సొంత మైదానంలో ఒక్కటీ లేదు.

ఈ లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2019-20, అంటే మన మొదటి సీజన్. అప్పుడూ అట్టడుగునే ఉన్నాం. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపించేశారు. డిఫెన్స్ చూస్తుంటే కళ్ళు మూసుకోవాలనిపించేది. అయినా ఆ టీమ్ 21 గోల్స్ కొట్టింది. అతుకుల బొంతలాంటి ఆ కొత్త టీమ్ కూడా 18 మ్యాచ్‌ల్లో 21 కొట్టగలిగిందంటే, 22 మ్యాచ్‌ల్లో 10 దగ్గర ఆగిపోవడాన్ని ఆట రాకపోవడం అని మాత్రమే చెప్పి సరిపెట్టలేం. ఇంకేదో జరిగింది.

ఏం జరిగిందో మనందరికీ తెలుసు. జీతాలు ఆగిపోయాయి. ఆటగాళ్ళు, సిబ్బంది ఒక్కొక్కరే బయటికొచ్చి చెప్పారు. 2021-22లో 18 గోల్స్ కొట్టి, లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్న ఓగ్బెచే తన బాకీ కోసం ఫిఫా దాకా వెళ్ళాల్సి వచ్చింది. క్లబ్బు మీద ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది. కొత్తవాళ్ళను తీసుకునే వీల్లేదు, ఉన్నవాళ్ళను ఆపే దారి లేదు. 2024 జనవరి వచ్చేసరికి చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి లాంటి పాత ఆటగాళ్ళు కూడా వెళ్ళిపోయారు. మిగిలింది రిజర్వ్ టీమ్ కుర్రాళ్ళు, వాళ్ళను నడిపించడానికి కోచ్ థాంగ్‌బోయ్ సింగ్‌టో.

ఇదంతా తెలిసి కూడా మన వాదనలన్నీ స్ట్రైకర్ దగ్గరే తిరుగుతాయి. "మనకి తొమ్మిదో నంబర్ లేడు" (అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్ లేడు) అన్నది గ్యాలరీలో ఆ ఏడాది నేను ఎక్కువసార్లు విన్న మాట. ఆ తొమ్మిదో నంబర్ ఎందుకు లేడని అడిగినవాళ్ళు తక్కువ.

జీతం ఆగితే ముందు పోయేది ఏది?

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో మూడు నెలలు జీతాలు రాలేదు. "వచ్చే వారం" అని ప్రతి వారం చెప్పేవాళ్ళు. మేము ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాం. పనీ ఆగలేదు. కస్టమర్లకు జవాబులు వెళ్ళేవి, ఉన్న తప్పులు సరిచేసేవాళ్ళం. బయటి నుంచి చూసినవాళ్ళకు తేడా తెలిసేది కాదు. కానీ ఆ మూడు నెలల్లో మాలో ఏ ఒక్కరూ కొత్తగా ఒక్క ఆలోచన కూడా చెప్పలేదు. నేనైతే మాట పడకుండా ఉండే పని మాత్రమే చేశాను. కొత్తది ప్రయత్నించి అది బెడిసికొడితే, మొదట తీసేసేది నన్నేనని భయం. ఇంటి అద్దె ఎలా కట్టాలన్నది బుర్రలో సగాన్ని ఆక్రమించేది. మిగిలిన సగంతో కొత్త పని పుట్టదు.

ఫుట్‌బాల్‌లో డిఫెన్స్‌కీ ఎటాక్‌కీ తేడా అదే అని నాకిప్పుడు అనిపిస్తుంది. డిఫెండర్ పని తప్పు జరగకుండా చూడటం. లైన్ పట్టుకో, నీ మనిషిని వదలకు, క్లియర్ చెయ్. కుర్రాళ్ళకు కూడా నేర్పొచ్చు, భయంలో కూడా కొంతవరకు చేయొచ్చు. ఎటాక్ అలా కాదు. పది సార్లు ప్రయత్నిస్తే తొమ్మిది సార్లు పోయే పని అది. మార్కర్‌ని దాటబోయి బాల్ పోగొట్టుకుంటావు, షాట్ బార్ పైనుంచి పోతుంది, పరిగెత్తి ఖాళీలోకి వెళ్తే పాస్ రాదు. ఆ తొమ్మిది వైఫల్యాలను తట్టుకునే ధీమా ఉన్నవాడే పదోసారి గోల్ కొడతాడు. ఆ ధీమా ఊరికే రాదు. రేపు కూడా నేనిక్కడే ఉంటాను, నా స్థానం నాకుంటుంది, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపగలను అన్న నమ్మకం లోంచి వస్తుంది.

ఇంకో సంగతి, ఎటాక్‌కి కాలం కావాలి. కోచ్ మనోలో మార్కెజ్ 2020లో వచ్చినప్పుడు మన టీమ్ మొదటి ఏడాది 27 గోల్సే కొట్టింది. పదకొండు డ్రాలు. "బాగా ఆడుతున్నారు కానీ గోల్ రావట్లేదు" అనుకుంటూ ఏడాదంతా గడిపాం. మరుసటి ఏడాదే 43. ఆ మధ్యలో జరిగింది మాయ కాదు. దాదాపు అదే గుంపు, అదే కోచ్, రెండేళ్ళు కలిసి ఆడారు. మిడ్‌ఫీల్డర్ యాసిర్ బాల్ అందుకుంటే తలెత్తకుండానే ఎక్కడికి కొట్టాలో తెలిసేది. డిఫెండర్ ఆకాశ్ మిశ్రా ఎడమవైపు పైకి వెళ్తే అతని వెనక ఖాళీని ఎవరు మూస్తారో ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. డబ్బులు ఇవ్వని క్లబ్బు మొదట పోగొట్టుకునేది ఇలాంటి కలిసిన కాలాన్నే. మనిషి వెళ్ళిపోతే ఇంకో మనిషిని తేవచ్చు. రెండేళ్ళ అలవాటును ఎక్కడి నుంచి తెస్తారు?

అంత జీతం ఎందుకిచ్చారు అనేవాళ్ళకు

మా గ్రూప్‌లో నాకంటే పెద్దాయన ఒకరున్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన వాదన నేను తేలిగ్గా తీసుకోలేను. "స్తోమత లేనప్పుడు ఓగ్బెచే లాంటివాణ్ణి తేవడమే తప్పు. అప్పు చేసి పెళ్ళి ఘనంగా చేసినట్టు. ఆ కప్పు మీద మనం మురిసిపోయాం, వడ్డీ కుర్రాళ్ళు కట్టారు" అంటారాయన.

ఇందులో నిజం ఉంది. ఓగ్బెచే వచ్చేసరికి అతనికి 37 ఏళ్ళు నిండబోతున్నాయి. టీమ్ కొట్టిన గోల్స్‌లో మూడో వంతుకు పైగా అతనొక్కడివే. ఒకే మనిషి మీద అంత ఆధారపడితే అతను వెళ్ళాక గుంట పడుతుంది. లీగ్‌లో అందరికీ ఆటగాళ్ళ జీతాల మీద 16.5 కోట్ల పరిమితి ఉండేది. ఆ పరిమితి పెట్టింది క్లబ్బులు ఒళ్ళు మరిచి ఖర్చు పెట్టకూడదనే. కానీ పరిమితి అనేది ఎంతకు మించకూడదో చెబుతుంది కానీ, ఒప్పుకున్నది నెలనెలా ఇస్తున్నారా లేదా అన్నది చెప్పదు. క్లబ్ లైసెన్సింగ్‌లో బాకీలు లేవని చూపించాలన్న నియమం ఉంది. దాని సంగతి ఫ్యాన్స్‌మి ఎవరం పట్టించుకున్నాం? సీజన్ ముందు మనం అడిగేది "కొత్త ఫారినర్ ఎవరు?" అనే.

ఆయనతో నేను విడిపోయేది ఒక్క చోట. తప్పు ఓగ్బెచేకి ఇస్తామన్న మొత్తంలో లేదు, ఇస్తామని ఇవ్వకపోవడంలో ఉంది. పదివేలకు ఒప్పుకుని ఎగ్గొట్టినా అంతే, కోటికి ఒప్పుకుని ఎగ్గొట్టినా అంతే. "ఎక్కువ జీతం" అన్న మాటతో మొదలుపెడితే నేరం మెల్లగా తీసుకునేవాడి మీదికి జరుగుతుంది. రెండేళ్ళలో అతను మనకు లీగ్‌లోనే 25కి పైగా గోల్స్ ఇచ్చాడు. తన వాటా పని తను చేశాడు.

పైగా ఆ టీమ్ విదేశీయుల మీదే బతికిన టీమ్ కాదు. లిస్టన్ కొలాసో, ఆశిష్ రాయ్, ఆకాశ్ మిశ్రా మన దగ్గర పేరు తెచ్చుకునే పెద్ద క్లబ్బులకు వెళ్ళారు. ఫైనల్ గుర్తుందా? 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టేడియమంతా వాళ్ళ పసుపు. వాళ్ళ రాహుల్ గోల్‌తో వెనకబడ్డాం. 88వ నిమిషంలో గాల్లోంచి దిగుతున్న బాల్‌ని అలాగే కొట్టి సమం చేసింది ఓగ్బెచే కాదు, సాహిల్ తవోరా. పెనాల్టీ షూటౌట్‌లో మూడు ఆపింది మన గోల్‌కీపర్ కట్టిమణి. చివరి పెనాల్టీ కొట్టింది హాలీచరణ్ నర్జారీ. పెద్ద స్ట్రైకర్ పక్కన ఆడుతూ, భయం లేకుండా ఎదిగిన మనవాళ్ళే వీళ్ళంతా.

గోల్సే అన్నీ కాదన్న మాటకు కూడా నేను సగం ఒప్పుకుంటాను. 2022-23లో గోల్స్ 43 నుంచి 36కి తగ్గాయి, పాయింట్లు మాత్రం 38 నుంచి 42కి పెరిగాయి. అప్పుడు ఇచ్చుకున్నవి 16 మాత్రమే. కానీ ఆ సీజన్ ఎలా ముగిసిందో చూడండి. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో ఇక్కడ 0-0, కోల్‌కతాలో అదనపు సమయం కలిపి 0-0, చివరికి పెనాల్టీల్లో ఓటమి. 210 నిమిషాల్లో ఒక్క గోల్ దొరకలేదు. ఆ రాత్రి మేమంతా స్ట్రైకర్లను తిట్టుకున్నాం. అప్పటికి డబ్బు ఇబ్బందులు మొదలయ్యాయా, డ్రెస్సింగ్ రూమ్‌లో ఏం నడిచిందో బయట ఉన్న నేను చెప్పలేను. తిట్టేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు.

కుర్రాళ్ళకి అది అవకాశమేనా?

2023-24 గురించి నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇది. "పోనీలే, కుర్రాళ్ళకైనా ఐఎస్‌ఎల్‌లో ఆడే ఛాన్స్ వచ్చింది కదా." నేను కూడా అన్నాను. ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక సాయంత్రం, గ్యాలరీ చాలావరకు ఖాళీ. మన కుర్రాడొకడికి బాక్స్ అంచున బాల్ దొరికింది. ఎదురుగా ఒక్క డిఫెండర్. తిరిగి కొట్టొచ్చు. అతను బాల్‌ని వెనక్కి ఇచ్చాడు. పది నిమిషాల్లో మళ్ళీ అదే. మళ్ళీ వెనక్కే. నేను లేచి గొంతు చించుకుని అరిచాను, "కొట్టరా! భయమెందుకు?" అని. జనం లేని స్టేడియంలో ఒక్క గొంతు ఎంత దూరం వినపడుతుందో అప్పుడు తెలిసింది. అతను ఒక్క క్షణం మా వైపు చూశాడు.

ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళంతా డబ్బు రాక వెళ్ళిపోతే, వాళ్ళ స్థానంలో నిలబడ్డాడు. నేర్చుకోవడానికి పక్కన ఒక ఓగ్బెచే లేడు, స్ట్రైకర్ సివేరియో లేడు. ప్రతి వారం ఓటమి. అలాంటి చోట బాల్‌ని వెనక్కి ఇవ్వడమే తెలివైన పని. నేను ఆ మూడు నెలలు ఆఫీసులో చేసింది అదే కదా. మూడు నెలలు బాల్ వెనక్కే ఇచ్చాను. నన్నెవరూ గ్యాలరీలోంచి అరవలేదు.

అవకాశం అంటే ఎదగడానికి చోటు. మునిగే పడవలో ముందు సీటు ఇచ్చి దాన్ని అవకాశం అనకూడదు. ఆ కుర్రాళ్ళలో కొందరు నిలదొక్కుకున్నారు, అది వాళ్ళ గట్టిదనం. ఆ పేరు వాళ్ళకే చెందాలి, వాళ్ళను అక్కడికి తోసిన పరిస్థితికి కాదు.

ఇక్కడ నా వాదనకు గట్టి దెబ్బ 2024-25. కొత్త యాజమాన్యం వచ్చింది. గోల్స్ 10 నుంచి 22కి పెరిగాయి, కానీ 24 మ్యాచ్‌ల్లో. గెలిచినవి నాలుగు, 13 టీమ్‌లలో 12వ స్థానం. "డబ్బున్నవాళ్ళు వచ్చారు కదన్నా, మరి గోల్స్ ఏవి?" అని చిన్నోడు ఆ రాత్రి నన్ను నిలదీశాడు. నిజమే, డబ్బు రాగానే గోల్స్ రావు. సీజన్ నెత్తిమీదికి వచ్చాక చేతులు మారిన క్లబ్బు, అప్పటికప్పుడు దొరికినవాళ్ళతో కట్టిన టీమ్. కోల్‌కతాలో మొహమ్మదన్‌పై 4-0 గెలిచి, కొన్ని రోజుల తర్వాత కొచ్చిలో కేరళను 2-1తో ఓడించినప్పుడు నాకు ఎంతో ఆశ కలిగింది. డిసెంబర్‌కల్లా కోచ్ మారాడు. జీతం ఉంటే గోల్ వచ్చి తీరుతుందని నేననడం లేదు. జీతం పోతే గోల్ పోతుందని, అది తిరిగి రావడానికి పోయినంత కాలం కంటే ఎక్కువ పడుతుందని అంటున్నాను. మనకు ఆ కాలం దొరకలేదు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిపోయింది.

జనం సంగతి

ఉప్పల్ ఫోటో పెట్టిన మిత్రుడికి నేనిచ్చే జవాబు చిన్నది. మెస్సీని చూడటానికి వచ్చేవాళ్ళు వేరు, మంగళవారం రాత్రి చివరి స్థానంలో ఉన్న టీమ్‌ని చూడటానికి వచ్చేవాళ్ళు వేరు. వాళ్ళు రాలేదని నేను నిందించను. మన టీమ్ బాగా ఆడిన మొదటి రెండేళ్ళూ కరోనా వల్ల గోవాలో ఆడింది. కప్పు గెలిచింది కూడా అక్కడే. నగరం తన ఛాంపియన్‌ని 2022 అక్టోబర్ దాకా కళ్ళారా చూడలేదు. తిరిగొచ్చాక మిగిలింది ఒక్క మంచి సీజన్. ఒక ఊరికీ ఒక క్లబ్బుకూ మధ్య అనుబంధం కుదరడానికి అది చాలదు.

ఈ ఊరికి ఫుట్‌బాల్ రాదనే మాట మాత్రం ఎవరన్నా నేను ఊరుకోను. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచి తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో ఆసియా స్వర్ణానికి భారత జట్టును తీసుకెళ్ళిన కోచ్ రహీమ్ సాబ్ ఈ టీమ్‌ని తీర్చిదిద్దినవాడే. ఆ టీమ్ గురించి మాట్లాడినప్పుడు అందరం రహీమ్ వ్యూహాల గురించే చెబుతాం, చెప్పాలి కూడా. కానీ ఆ ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేది. జీతం పెద్దదేం కాదు, కానీ ఒకటో తారీఖు వస్తే వచ్చేది. మోకాలు విరిగినా ఇల్లు గడిచేది. కార్పొరేట్ క్లబ్బులు వచ్చాక ఆట వేగం పెరిగింది, మైదానాలు బాగుపడ్డాయి, జీతాలు ఎన్నో రెట్లయ్యాయి. ఆ ఒకటో తారీఖు భరోసా మాత్రం పోయింది.

ఇదంతా గ్రూప్‌లో రాయలేదు. "2025 మార్చి 12 గుర్తుందా?" అని మాత్రం పెట్టాను. చిన్నోడు వెంటనే మన ఆటగాడి పేరు చెప్పి "సౌరవ్!" అన్నాడు.

గచ్చిబౌలిలో మన ఆఖరి ఐఎస్‌ఎల్ మ్యాచ్ అది. ఆఖరిదని అప్పుడు తెలియదు. మొదటి సీజన్‌లో ఇదే మైదానంలో మనం ఓడించిన కేరళ బ్లాస్టర్సే ఎదురుగా. మొదట్లోనే గోల్ ఇచ్చుకున్నాం. ప్లే ఆఫ్స్ ఆశ ఎప్పుడో పోయింది, గెలిచినా ఓడినా పట్టికలో పెద్దగా మారేదేం లేదు. ఫస్టాఫ్ చివర్లో బాల్ పైకి లేచింది. సౌరవ్‌కి వీపు గోల్ వైపు ఉంది. వెనక్కి ఇచ్చేయొచ్చు. అతను గాల్లోకి లేచి, తలకిందులై, బైసికిల్ కిక్ కొట్టాడు. తగలకపోతే నలుగురూ నవ్వే షాట్ అది. నెట్‌లో పడింది. మా పెద్దాయన లేచి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నారు. నా గొంతులోంచి మాట రాలేదు.

మ్యాచ్ 1-1. ఆ తర్వాత ఆ మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంకో గోల్ కొట్టలేదు.